నీళ్ళు తీసే వేళ

దర్జీ గారు మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఆయన చేసేది పిల్లల గుండెలకు ఆపరేషన్లు. ఆసుపత్రిలో అందరూ చాటుగా ఆయన్ని దర్జీ అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినట్టు పైకి కనబడనివ్వరు. మా అమ్మాయి పోయినప్పుడు కూడా ఆసుపత్రి వరండాలోనే నా భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు కాళ్ళవైపు చూసుకుంటున్నారు. "పరవాలేదు, రండి" అన్నాను. కుర్చీ ఖాళీగా ఉన్నా పుస్తకాల బల్ల అంచున ఒరిగి కూర్చున్నారు. నా భార్య చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చి, ఆయన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడింది.

"కుర్రాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడమ్మా" అన్నారాయన.

"విన్నాను సార్. స్నానాల గదిలో జారాడట కదా."

"స్నానాల గదీ లేదు, పాడూ లేదు. వాళ్ళావిడతో పందెం కాసి ప్రహరీ గోడ దూకాడు. పరువు పోతుందని స్నానాల గది అని చెప్పుకు తిరుగుతున్నాడు."

నా భార్య నవ్వలేదు. ఆయన ఎందుకు వచ్చారో ఆమెకు ఆ మొదటి మాటతోనే అర్థమైంది.

ఆమె ఆపరేషన్ గదిలో గుండె మిషను నడుపుతుంది. గుండెను ఆపి లోపల కుట్టాల్సి వచ్చినప్పుడు, ఒంట్లోని రక్తాన్ని బయటికి తెచ్చి, దానికి గాలి పట్టించి తిరిగి లోపలికి పంపే మిషను అది. ఆ ఆసుపత్రిలో ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆమె, చెయ్యి విరిగిన ఆ కుర్రాడు. మా అమ్మాయి పోయాక నా భార్య పెద్దవాళ్ళ కేసులు మాత్రమే చేస్తోంది. పిల్లలవన్నీ అతనికి వదిలేసింది. కారణం ఎవరూ అడగలేదు.

"నెలల బాబు" అన్నారు దర్జీ గారు. "గుండె గోడలో కంత ఉంది. ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకు. ఏడ్చాడంటే నల్లబడిపోతున్నాడు. ఇంకో చోటికి పంపుదామంటే దారిలో ఏమవుతుందో చెప్పలేను."

"ఇంకెవరూ లేరా సార్?"

"ఉంటే నీ గుమ్మం తొక్కుతానా అమ్మా?"

ఆమె ఆరిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. తర్వాత, "బరువెంత ఉన్నాడు?" అంది.

ఆయన చెప్పారు.

"అంతేనా" అంది.

బరువు అడిగిందంటే ఆమె ఒప్పుకున్నట్టే అని నాకు తెలిసింది. ఆయనకూ తెలిసినట్టుంది, లేచి నిలబడ్డారు. టీ తాగి వెళ్ళమన్నాను. "వద్దు మాస్టారూ, ఇప్పుడు తాగితే నిద్ర పట్టదు, తాగకపోయినా పట్టదు" అని మెట్లు దిగిపోయారు.

*

మా అమ్మాయికి మూత్రపిండాలు చెడిపోయాయి. ఒళ్ళంతా నీరు పట్టి, చేతివేళ్ళు లావయ్యి, పెన్సిలు పట్టుకోలేకపోయేది. నీళ్ళు కొలిచి ఇవ్వమన్నారు. మందు సీసా మూతలాంటి చిన్న గిన్నె ఒకటి ఉండేది. చివరి రోజుల్లో దాహం అని అడుగుతూనే ఉండేది. "అమ్మా, ఒక్క గుక్క. ఒక్కటే." నా భార్య వద్దనేది. నీళ్ళు ఎందుకు వద్దో మా అందరిలో ఆమెకే బాగా తెలుసు. అన్నేళ్ళుగా ఆమె పనే పిల్లల ఒంట్లోకి అక్కర్లేని నీరు చేరకుండా చూడడం. నేను వరండాలోకి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆమె మాత్రం మంచం పక్కనుంచి కదిలేది కాదు. చివరికి అమ్మాయి గొంతు పెగలక, పెదాలతోనే అడిగేది.

వైద్యులు చేయవలసిందంతా చేశారు. మేమూ చేశాం. అయినా పోయింది.

ఆ తర్వాత మేము ఆ రోజుల గురించి మాట్లాడుకోలేదు. దాంతోపాటు మిగతా మాటలు కూడా తగ్గిపోయాయి. అన్నం తిన్నావా, తాళం వేశారా, రేపు తొందరగా వెళ్ళాలి. ఇంట్లో ఇద్దరు మనుషులు బతకడానికి ఆ మాత్రం చాలు.

*

ఆపరేషన్ రోజు నేను బడికి సెలవు పెట్టి ఆమెతో బయలుదేరాను. ఎందుకని ఆమె అడగలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు బయటికి చూసింది. తర్వాత నావైపు తిరక్కుండానే అంది:

"ఇవాళ మిషన్ని తీసుకెళ్ళి ఆపరేషన్ బల్లకి ఆనించేస్తాను. డాక్టరు గారి మోచెయ్యి తగులుతుంది. విసుక్కుంటారు. విసుక్కోనీ."

"అంత దగ్గరగా ఎందుకు?"

"గొట్టాలు పొట్టివి వాడొచ్చు. గొట్టాల్లో ముందుగా మందునీళ్ళు నింపుకోవాలి కదా, ఖాళీగా ఉంటే గాలి పోతుంది లోపలికి. ఆ బాబు ఒంట్లో ఉన్న రక్తమే రెండు గ్లాసులు. మన నీళ్ళు ఇంకో రెండు గ్లాసులు కలిస్తే ఏమవుతుంది?"

"పలచబడుతుంది."

"పలచబడ్డ రక్తంలోంచి నీరు ఊరి కండలోకి దిగుతుంది. గుండె కూడా కండే. ఆపి, చల్లబరిచి, కోసి, కుట్టి, అన్నీ చేశాక అది ముందే అలిసిపోయి ఉంటుంది. పైగా నీరు దిగిందంటే వాచిపోతుంది. వాచిన గుండె సరిగ్గా కొట్టుకోదు."

అన్ని మాటలు ఆమె నాతో ఒక్కసారిగా మాట్లాడి చాలా నెలలైంది. ఇంకేమైనా అడిగితే ఆగిపోతుందేమోనని నేను ఊరుకున్నాను. ఊరుకున్నందుకే ఆగిపోయింది.

ఆసుపత్రి గేటు దగ్గర దిగాక, "గుండె ఆపే మందు కూడా మెల్లగా పోయాలి. తోసి పోస్తే ఆ సన్నటి నాళాలు తట్టుకోలేవు. అక్కడే సగం వాపు మొదలవుతుంది" అంది. నాతో కాదు. తనకు తనే పాఠం అప్పజెప్పుకుంటున్నట్టు అంది. చేతిసంచీ నాకిచ్చి వెనక మెట్లవైపు వెళ్ళిపోయింది.

*

క్యాంటీన్‌లో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. నా ఎదురుగా ఖాళీ కుర్చీలో ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. బస్సు డ్రైవరట.

"మీవాళ్ళెవరండీ లోపల?"

"మా ఆవిడ."

"అయ్యో. ఏమైందండీ పాపం?"

"ఏం కాలేదు. పని చేస్తోంది."

ఆయన ఒక నిమిషం నన్ను చూసి, నవ్వొచ్చినా ఆపుకున్నాడు. "మా బాబుకి గుండె ఆపరేషనండి. మా ఆవిడా, మా అత్తగారూ పైన ఉన్నారు. నన్ను అక్కడ ఉండనివ్వలేదు. నేను అటూ ఇటూ తిరుగుతుంటే వాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయట."

అది ఏ బాబో నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. చెప్పడానికి నాకు అధికారం లేదనిపించింది. టీ తెప్పించి ఆయనకొకటి ఇచ్చాను.

"మధ్యాహ్నానికి కుట్టేసి తెచ్చేస్తామన్నారండి డాక్టరు గారు. మంచాయనండి. కాకపోతే మనిషి నవ్వడు."

"బాగా చేస్తారని విన్నాను."

"తెల్లారగట్ల లేచి పాలకోసం ఒకటే ఏడుపండి. మత్తిచ్చేవరకూ ఏమీ పట్టకూడదన్నారు. మా ఆవిడ రెండు చేతుల్తో చెవులు మూసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను బండి నడిపేటప్పుడు ఎన్ని హారన్లు వింటానండి, ఏమీ అనిపించదు. ఆ ఏడుపు మాత్రం ఇంకా ఉంది ఇక్కడ." చెవి దగ్గర వేలు పెట్టి చూపించాడు.

చల్లారిపోతున్న టీ గ్లాసు ఆయన ముందుకు జరిపాను.  

*

లోపల జరిగింది నేను చూడలేదు. కొంత నా భార్య చెప్పింది, కొంత తర్వాత మత్తు డాక్టరమ్మ చెప్పింది.

కంత మూసే పని, దారి వెడల్పు చేసే పని రెండూ సవ్యంగా జరిగాయి. దర్జీ గారి మోచెయ్యి మిషనుకు తగులుతూనే ఉంది. మామూలుగా అయితే ప్రతిసారీ ఒక మాట విసిరేవారు. ఆ రోజు మోచెయ్యి ముడుచుకున్నారే తప్ప ఒక్క మాటా అనలేదు. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాక మిషను ఆపారు. ఇక మిగిలింది నీళ్ళు తీయడం.

ఆ పని గురించి చెప్పాలి. ఎంత జాగ్రత్తపడ్డా బిడ్డ ఒంట్లోకి కొంత నీరు చేరుతుంది. అందుకని గొట్టాలు పీకేసే ముందు, బాబు రక్తాన్ని కొంచెం కొంచెంగా ఒక వడపోత గొట్టంలోంచి తిప్పుతారు. నీరు విడిపోయి పక్కన జాడీలోకి చుక్కలుగా కారుతుంది. చిక్కబడ్డ రక్తం తిరిగి లోపలికి వెళుతుంది. అలా నీరు పోతున్నకొద్దీ గుండె వాపు కళ్ళెదుటే తగ్గుతుంది. ఆ సేపంతా మిషను మనిషికి తప్ప ఇంకెవరికీ పెద్దగా పని ఉండదు. డాక్టరు రెండు చేతులూ తన ఛాతీకి ఆనించుకుని నిలబడతారు. మత్తు డాక్టరమ్మ రక్తపోటు అంకె చూస్తూ ఉంటుంది. నర్సు సూదులు లెక్కపెట్టుకుంటుంది. దాన్ని వాళ్ళు నీళ్ళు తీసే వేళ అంటారు. ఎప్పుడు మొదలైందో తెలియదుగాని, ఆ వేళలో నోటికొచ్చిన కబుర్లు చెప్పుకోవడం ఆ గదికి అలవాటు. ఎవరి పిల్లలు ఏం మార్కులు తెచ్చుకున్నారు, ఎవరి ఇంటివాడు అద్దె పెంచాడు, దర్జీ గారి ముతక జోకులు, వాటిమీద మత్తు డాక్టరమ్మ ఎత్తిపొడుపులు. కాళ్ళు పీకుతున్న మనుషులు నిలబడి ఉండడానికి అదొక ఊతం.

ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు.

ఎవరూ ముందుగా అనుకోలేదు. మత్తు డాక్టరమ్మ అన్నది నాతో: "ఎలా మాట్లాడతామండీ? మీ పాప పోయాక మొదటి పసిపిల్లాడు. ఆవిడ ఎదురుగా మేం ఇకిలిస్తూ నిలబడితే బాగుంటుందా? ఆయన నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. అందరం నోరు కుట్టేసుకున్నాం. గౌరవమే అనుకున్నామండీ అది."

ఆ నిశ్శబ్దంలో వినిపించడానికి మిగిలింది జాడీలో నీటి చుక్క పడే చప్పుడు ఒక్కటే.

నా భార్య నాతో ఇంతే చెప్పింది: "చుక్క పడినప్పుడల్లా అడుగుతున్నట్టుంది. ఎవరని మీరు అడగొద్దు." నేను అడగలేదు. "నీళ్ళు ఇవ్వనన్నాను ఒకసారి. ఇప్పుడు ఒంట్లో ఉన్నవి కూడా లాక్కుంటున్నాను. బాబుకీ పాపకీ సంబంధం లేదని నాకు తెలుసు. బుర్రకి తెలుసు. చెయ్యి మాత్రం గొట్టం నొక్కేసింది."

"చాలు సార్" అంది ఆమె. వడపోత ఆపేసింది.

చాలలేదని దర్జీ గారికి తెలుసు. గుండె ఆయన కళ్ళముందే ఉంది. ఇంకా ఉబ్బి, మెరుస్తూ, ఛాతీ గట్టుకు తన్నుకుంటోంది. మత్తు డాక్టరమ్మకూ అనుమానం వచ్చింది. కాని ఇద్దరూ నా భార్య మొహం చూశారు, ఊరుకున్నారు. "సరేనమ్మా" అన్నారాయన.

గొట్టాలు తీసే ముందు ఒకసారి చూద్దామని ఆయన, కోసి విడదీసిన బాబు ఛాతీ ఎముక రెండు అంచులనూ వేళ్ళతో దగ్గరికి తెచ్చారు. రక్తపోటు పడిపోయింది. వదిలారు, మెల్లగా లేచింది. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ పడిపోయింది. వాచిన గుండెకు ఆ పెట్టెలో చోటు చాలడం లేదు.

"తెరిచే ఉంచుదాం" అన్నారు. "పైన పొర కప్పి పంపిద్దాం. వాపు దిగాక మూసుకోవచ్చు. పరవాలేదమ్మా, పరవాలేదు."

అలా తెరిచి ఉంచడం కొత్తేమీ కాదు. కాని గుండె అంత ఉబ్బి ఉండగా పంపితే దిగేదాకా నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ గదిలో అందరికీ అది తెలుసు.

"పరవాలేదనకండి సార్" అంది నా భార్య.

ఆమె మళ్ళీ వడపోత గొట్టం మీద చెయ్యి వేసింది.

"గొట్టాలు ఉంచండి. మళ్ళీ మొదలుపెడతాను. నేనే తొందరపడి ఆపాను."

"నువ్వు బాగానే..."

"బాగా లేదు సార్. మీకు కనిపిస్తూనే ఉంది. మీరు తిట్టలేదు. మోచెయ్యి తగిలితే తిట్టలేదు, ఇప్పుడూ తిట్టలేదు. మీరందరూ నోళ్ళు మూసుకుని నిలబడితే నేను ఈ పని చెయ్యలేను. ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడమంటావు?"

"ఎప్పుడూ ఏం మాట్లాడతారో అదే."

మత్తు డాక్టరమ్మ చెప్పడం, ఆ పెద్దమనిషికి ఆ క్షణంలో ఒక్క జోకూ గుర్తురాలేదట. మాస్కు వెనక నోరు తెరిచి మూశారట. ఆఖరికి, "కుర్రాడి గోడ సంగతి చెప్పానా మీకు?" అన్నారు.

"ఏ గోడ?" అంది మత్తు డాక్టరమ్మ.

"ప్రహరీ గోడ. వాళ్ళావిడ దూకింది ముందు. చీర ఎగ్గట్టి, అవతలికి దూకి, రా చూద్దాం అందట. వీడు ఎగిరాడు. గోడ మీద వాళ్ళ పిల్లి పడుకుని ఉంది."

"పిల్లికేమీ కాలేదు కదా?"

"చూశారా! మా వాడి చెయ్యి విరిగింది, ఆవిడకి పిల్లి కావాలి."

"మీ వాడికి కట్టు కట్టారు. పిల్లిని ఎవరు చూశారు? రక్తపోటు కొంచెం తగ్గుతోందమ్మా, కాస్త రక్తం వెనక్కి ఇవ్వు."

నా భార్య అడిగినంత వెనక్కి ఇచ్చింది, అంతకు మించి ఇవ్వలేదు. వడపోత సాగింది. నర్సు తన ఆడపడుచు కొన్న కుట్టుమిషను గురించి మొదలుపెట్టింది. అది తెచ్చిన రోజునుంచీ కుట్టడం లేదట, అంట్లు ఆరబెట్టుకోవడానికి బల్లలా వాడుతోందట. "దర్జీ గారికి అమ్మేయమనండి" అంది మత్తు డాక్టరమ్మ.  ఆ పేరు ఆయన ముందు ఎవరూ అనలేదు అంతవరకూ.

"ఎంతకిస్తుందో కనుక్కోండి" అన్నారాయన.

నవ్వుల్లో చుక్కల చప్పుడు వినిపించలేదని నా భార్య అనలేదు. వినిపించిందట. కాని అది జాడీలో నీళ్ళు పడే చప్పుడుగానే వినిపించిందట.

ఈసారి ఆమె ఆపలేదు. దర్జీ గారు గుండెను చూసి, "ఇంకాస్త" అన్నారు. తీసింది. "ఇంకాస్త" అన్నారు. తీసింది. గుండె కిందికి దిగింది. మెరుపు పోయింది. అంచులు దగ్గరికి తెస్తే రక్తపోటు ముందంత పడలేదు. అయినా కొంచెం పడింది.

"ఇవాళ మూయను. కాని ఇప్పుడు ధైర్యంగా పంపుతాను" అన్నారు. ఈసారి పరవాలేదు అనలేదు.

*

డ్రైవరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"కుట్టలేదటండి. ఛాతీ తెరిచే ఉంచారట. పొర కప్పారట. అంటే చేతులెత్తేసినట్టేనా? మీరు చదువుకున్నవారు, చెప్పండి."

అప్పటికింకా నా భార్య బయటికి రాలేదు. లోపల ఏం జరిగిందో నాకూ తెలియదు. బస్సులో నా భార్య చెప్పినదాన్నిబట్టి తెలిసినంత చెప్పాను.

"కాలు వాచినప్పుడు బూటు వేసుకుంటారా?"

"వేసుకోనండి."

"వేసుకోకుండా ఏం చేస్తారు?"

"వాపు దిగిందాకా చెప్పుల్లో తిరుగుతాను."

"వాళ్ళు చేసింది కూడా అదే. లోపల పని అయిపోయింది. గుండె కొంచెం వాచింది. బిగించి కుడితే దానికి ఇరుకవుతుంది. దిగాక మూస్తారు."

ఆయన తల ఊపాడు. అర్థమైంది, కాని నమ్మకం కుదరలేదు. తండ్రికి ఆ రెండూ వేరువేరు. వెంటనే పైకి పరుగెత్తాడు, ఆ మాట భార్యకు చెప్పడానికి.

నా భార్య వెనక మెట్ల మీదుగా దిగి వచ్చింది. మెట్ల మలుపులో దర్జీ గారు ఆమెను ఆపారు. నేను కింద నిలబడి ఉన్నాను, వాళ్ళకు కనిపించను.

"ఇంటికెళ్ళి పడుకో అమ్మా."

"ముందు ఎందుకు ఆపానని మీరు అడగలేదేం సార్?"

"అడగాలనిపించలేదు."

"అడగాలి. నామీద జాలిపడితే పడండి, బయట. లోపల మాత్రం వద్దు. ఆ జాలి బాబు గుండె మీద పడింది."

 "నిజమే" అన్నారాయన. "నేనే ఇంకాస్త అనాల్సింది. నోటిదాకా వచ్చింది. నీ మొహం చూసి మింగేశాను."

"ఈసారి మింగొద్దు."

"ఈసారి అంటున్నావు. అంటే వస్తావా?"

ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు.

*

బాబు ఛాతీ మీద పొరతో గాజు గదిలో పడుకుని ఉన్నాడు. నా భార్య పని అక్కడితో అయిపోయింది. మిషను మనుషుల్ని బిడ్డల తల్లిదండ్రులు ఎప్పుడూ చూడరు. అయినా ఆమె రోజూ డ్యూటీ దిగాక అక్కడికి వెళ్ళి నిలబడేది. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్ళాను.

నీరు పోవడానికి మందులు ఇస్తున్నారు. లోపలికి వెళ్ళేది చుక్కలు చుక్కలుగా కొలిచి ఇస్తున్నారు. నర్సు తడి దూదితో బాబు పెదాలు అద్దుతుంటే, గాజుకు ఇవతల తల్లి నిలబడి చూసేది. ఒక సాయంత్రం ఆ తల్లి నా భార్య పక్కకు వచ్చి, ఈవిడెవరో తెలియకుండానే అడిగింది.

"దాహం వేస్తుంటుందా వాడికి?"

 అబద్ధం చెప్పడం నా భార్యకు చేతకాదు.

"మత్తులో ఉన్నాడు. వేసినా అంతగా తెలియదు. మీకు తెలుస్తుంది" అంది.

ఆ తల్లి ఏడ్చింది. నా భార్య ఆమె పక్కనే నిలబడింది. వరండాలో బెంచీ ఖాళీగా ఉన్నా ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు.

అందరూ ఇప్పుడు ఒక్కదానికోసం ఎదురుచూస్తున్నారు, బాబు ఉచ్చ పోయడం కోసం. ఉచ్చ గొట్టానికి కట్టిన సంచీలో ఎంత పడితే వాపు అంత దిగినట్టు. మొదట్లో ఆ సంచీ దాదాపు ఖాళీగానే ఉండేది. నర్సులు వచ్చి చూసి, కాగితం మీద రాసుకుని వెళ్ళేవారు. ఒక ఉదయం డ్యూటీ మారే వేళకు ఒక నర్సు బయటికి తొంగి చూసి, "పోశాడు. బాగా పోశాడు" అంది. డ్రైవరు గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నాతో అన్నాడు:

"మా వంశంలో ఉచ్చ పోసినందుకు ఇంత మెప్పు పొందినవాడు లేడండి. పెద్దయ్యాక వీడికి చెప్తే సిగ్గుతో చచ్చిపోతాడు."

వాళ్ళ అత్తగారు, "ముందు వాణ్ణి పెద్దవాడు కానీ నాయనా, సిగ్గు సంగతి తర్వాత చూద్దాం" అంది.

మూసే రోజు నేను బడిలో ఉన్నాను. ఆ పనికి మిషను అక్కర్లేదు, అయినా నా భార్య గదిలో ఒక మూల నిలబడిందట. అంచులు దగ్గరికి తెచ్చారు. మత్తు డాక్టరమ్మ అంకె చూసింది. అది పడలేదు. ఇంకాసేపు పట్టి ఉంచారు. పడలేదు. ఎముకకు తీగలు బిగించి కుట్టేశారు. స్టాఫ్ రూమ్‌లో నేను ఉండగా నా భార్య ఫోన్ చేసింది.

"మూసేశారు" అంది.

"అన్నం తిన్నావా?" అన్నాను. అప్పుడు నాకు వచ్చిన మాట అదే.

*

ఆ సాయంత్రం ఆమె నాకంటే ముందే ఇల్లు చేరింది. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయి. అన్ని గంటలు నిలబడితే ఎవరికైనా వాస్తాయి. నేను దిండు తెచ్చి పాదాల కింద పెట్టి, చప్పుడు చేయకుండా వంటగదిలోకి వెళ్ళబోయాను.

"మీరూ అంతే" అంది.

ఆగాను.

"ఇన్ని నెలలుగా చూస్తున్నాను. గిన్నె కూడా చప్పుడు కాకుండా పెడతారు. నాకోసమే అని తెలుసు."

నేను వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"వచ్చేవారం ఇంకో పాప ఉంది. ఒప్పుకున్నాను. వాళ్ళు మాట్లాడతామన్నారు. అక్కడ సరే. ఇక్కడ ఎలా మరి?"

నేను వచ్చి ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాను. మా అమ్మాయి నేను పనిచేసే బడిలోనే చదివింది. అందుకని బడి సంగతులు ఇంటికి తేవడం మానేశాను. గేటు బయటే వదిలి వచ్చేవాణ్ణి.

"ఏం చెప్పను?"

"ఏదైనా. బడి సంగతి చెప్పండి."

"ఇవాళ డ్రాయింగు మాస్టారు ఐదో తరగతిలో నిద్రపోయారు. పిల్లలు ఆయన బొమ్మ గీశారు. నోరు తెరుచుకుని ఉన్నట్టు."

"ఎవరు గీశారు?"

"అందరూ. హెడ్‌మాస్టరు వచ్చి చూసి, బొమ్మలు బాగున్నాయి, ఎవరు నేర్పారు అన్నారు. అప్పుడు లేచారు ఈయన."

ఆమె నవ్వలేదు గాని పెదాలు కొంచెం కదిలాయి. కాసేపు దిండు అంచు సర్దుకుంది.

"కిటికీ పక్క బెంచీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?" అంది.

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నాకు తెలుసు. వచ్చాక అనుకున్నంత కష్టంగా లేదు, తేలిగ్గానూ లేదు.

"కొన్నాళ్ళు ఎవరూ కూర్చోలేదు. నేనే ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఇప్పుడు ఇంకో ఊరినుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉంది. వచ్చిన రోజే నాకు కిటికీ కావాలని పోట్లాట పెట్టుకుంది."

"ఎవరితో?"

"నాతోనే."

"మీరేమన్నారు?"

"ఎండ తగులుతుందమ్మా అన్నాను. తగిలితే తగలనీండి మాస్టారూ, మీరెందుకు ఇబ్బంది పడతారు అంది."

"గట్టి పిల్లే" అంది నా భార్య. "తర్వాత?"

నేను చెప్పసాగాను.